గాలికి తలొంచిన ఇల్లు

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నం మీదుగా తీరం దాటింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. అద్దాలు తొడిగిన మేడల ముందు గాజుపెంకులు గుట్టలు పడ్డాయి. విమానాశ్రయం పైకప్పు చెదిరిపోయింది. ఇనుపరేకులు విస్తరాకుల్లా లేచి ఎక్కడెక్కడో పడ్డాయి. కొండల మీద పచ్చదనమంతా ఒక్క రోజులో ఎండిపోయినట్టయింది.

అంతటి గాలిని ఒక తరం విశాఖవాసులు అంతకు ముందు చూసి ఉండకపోవచ్చు. కానీ ఈ తీరానికి అది కొత్త చుట్టమేమీ కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడల్లా శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఏదో ఒక ఊరు వణకాల్సిందే. మరి సిమెంటూ, ఇనుపచువ్వలూ లేని రోజుల్లో ఇక్కడి వాళ్లు గాలివానతో ఎలా వేగారు? కాళ్లకింది మట్టి, పొలం గట్టు మీది తాటిచెట్టు, పక్కనున్న కొండరాయి... వీటితోనే ఏం కట్టుకుని బతికారు? ఉత్తరాంధ్ర పల్లెల్లో దానికి సమాధానం ఒక ఇంటి రూపంలోనే ఉంది. దాని పేరు చుట్టిల్లు.

మూలలు లేని ఇల్లు

పేరులోనే రూపం ఉంది. గుండ్రంగా తిరిగిన మట్టిగోడ. దాని మీద శంకువులా మొనదేలిన తాటాకు కప్పు. దూరం నుంచి చూస్తే పొలంలో గొడుగు నిలబెట్టినట్టు ఉంటుంది. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం తీరగ్రామాల్లో ఒకప్పుడు ఇవి గుంపులు గుంపులుగా ఉండేవి. ఇప్పుడు వెతుక్కుంటూ వెళ్లాలి.

దీని కట్టుబడికి కాగితం మీద ప్లాను ఉండేది కాదు. మధ్యలో ఒక గూటం పాతి, దానికి తాడు కట్టి, తాడు చివర పట్టుకుని చుట్టూ తిరిగితే పునాది గీత సిద్ధం. మట్టిలో గడ్డి కలిపి, నీళ్లు పోసి, కాళ్లతో బాగా తొక్కి నానబెట్టేవారు. ఆ మట్టిని ముద్దలు చేసి వరస మీద వరస పేర్చేవారు. ఒక వరస ఆరితేగానీ రెండో వరస వేయకూడదు. తొందరపడితే గోడ కుంగుతుంది. అందుకే ఎండాకాలంలో మొదలుపెట్టి తొలకరిలోపు ముగించుకునేవారు.

పైకప్పుకు తాటిమానుతో చేసిన వాసాలు, వాటి మీద వెదురుబద్దలు, ఆపైన దట్టంగా తాటికమ్మలు. బిగించడానికి తాటినార. అంటే దూలం నుంచి తాడు వరకూ కప్పంతా దాదాపు ఒకే చెట్టు నుంచి వచ్చిందన్నమాట. ఇక చూరు సంగతి సరేసరి. అది నేలకు రెండు మూడడుగుల ఎత్తు దాకా దిగి ఉంటుంది. కొత్తకోడలైనా, ఊరి కరణమైనా లోపలికి వెళ్లాలంటే తల వంచాల్సిందే!

అంత కిందికి ఎందుకు దించారు? అక్కడే ఉంది కిటుకు. వానజల్లు తగిలితే మట్టిగోడ కరుగుతుంది. కిందికి దిగిన చూరు గోడకు గొడుగు పట్టింది. ఎర్రటి ఎండను కూడా గోడ దాకా రానివ్వలేదు. గాలి సంగతికొస్తే... నలుచదరపు ఇంటి గోడకు గాలి ఎదురుగా వచ్చి గుద్దుకుంటుంది. మూలల దగ్గర, కప్పు అంచుల దగ్గర సుడి తిరిగి కప్పును పైకి లాగుతుంది. తుపానులో రేకులు ఎగిరిపోవడానికి కారణం చాలాసార్లు ఈ లాగుడే. గుండ్రటి గోడకు మూలల్లేవు. గాలి దాన్ని చుట్టి పక్కకు జారిపోతుంది. నిటారుగా వాలిన కప్పు మీద పైకి లాగే బలమూ తక్కువే. ఎదురు నిలబడి గెలవడం కాదు, పక్కకు తప్పుకుని దారివ్వడం చుట్టింటి పద్ధతి.

ఈ సూత్రం ఉత్తరాంధ్రకే పరిమితం కాదు. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో ‘భూంగా’ అనే గుండ్రటి మట్టిళ్లున్నాయి. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో కాంక్రీటు భవనాలు కూలిపోయిన చోట కూడా ఇవి చాలావరకు నిలిచాయి. గుండ్రటి గోడకు ఏ వైపు నుంచి కుదుపు వచ్చినా దాన్ని చుట్టూ పంచుకునే గుణం ఉంది. ఒకచోట గాలి, ఒకచోట భూమి... రెండు చోట్లా మనిషికి తట్టిన ఆలోచన ఒక్కటే.

చుట్టింటి లోపల ఇంకో తెలివి ఉంది. తాటాకు కప్పుకు కింద కర్రలు పేర్చి, మట్టి మెత్తి అటక కట్టేవారు. విత్తనాలు, తిండిగింజలు, నాలుగు విలువైన సామాన్లు అందులో ఉండేవి. కప్పు అంటుకున్నా నిప్పురవ్వలు మట్టి అటక మీద పడతాయే తప్ప వెంటనే లోపలికి రావు. బిడ్డల్ని తీసుకుని బయటపడే వ్యవధి ఇంటివాళ్లకు దొరికేది. ఎండాకాలంలో ఆ మట్టి పొరే లోపలికి వేడి దిగకుండా అడ్డుకునేది.

కొండరాయి, గుల్లసున్నం, రంగం టేకు

పట్టణంలో కథ వేరు. విశాఖ పాత నగరంలో డబ్బున్న కుటుంబాలు, కంపెనీలు, దొరలు రాతితో, సున్నంతో కట్టారు. విశాఖ చుట్టూ ఉన్న కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ రాయి. తూర్పు కనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్.వాకర్ దానికి ఆ పేరు పెట్టారు. పదమూడో శతాబ్దంలో కట్టిన కోణార్క్ ఆలయంలోనూ ప్రధానంగా వాడింది ఈ జాతి రాయే. నల్లరాయి కంటే మెత్తన, ఉలికి తేలిగ్గా లొంగుతుంది. అయితే గాలికీ వానకూ త్వరగా అరిగిపోవడం దాని బలహీనత. అందుకే గట్టి రాయి ఏదో, బెరుకు రాయి ఏదో తట్టి చెప్పగల పనివాడికి అంత విలువ. పాత నగరంలోని టౌన్‌హాల్, 1923లో మొదలైన కింగ్ జార్జి ఆసుపత్రి పాత భవనాలు రాతి కట్టడం ఠీవి ఏమిటో ఇప్పటికీ చూపిస్తున్నాయి.

రాళ్లను కలిపింది సున్నం. సముద్రం ఒడ్డున దొరికే గుల్లల్ని, ఆల్చిప్పల్ని బట్టీలో కాల్చి సున్నం తీసేవారు. దాన్ని ఇసుకతో కలిపి గానుగలో పోసి, ఎడ్లు తిప్పుతుంటే మెత్తగా నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవారు. నీటిపట్టున ఉండే కట్టడమైతే ఇటుకపొడి కూడా కలిపేవారు. సున్నం ఒక్కరోజులో బిగుసుకోదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మళ్లీ రాయిగా మారుతుంది. గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. ఉక్కపోత నిండిన సముద్రతీరానికి ఇంతకంటే ఏం కావాలి?

స్థానికం అంటే బయటి వస్తువు ముట్టుకోకపోవడం కాదు. ఉత్తరాంధ్ర నుంచి వేలమంది పొట్టచేత పట్టుకుని ఓడెక్కి రంగూన్ వెళ్లారు. ఆ ఊరిని వాళ్లు ‘రంగం’ అన్నారు. ఆ సముద్రదారిలోనే బర్మా టేకు దూలాలు, తలుపులు తీరాంధ్ర ఇళ్లకు వచ్చి చేరాయి. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మొదలుపెట్టిన పెంకుల కర్మాగారం దేశమంతటి ఇళ్ల కప్పులనే మార్చేసింది. కుమ్మరి సారె మీద చేసిన గూనపెంకు స్థానంలో గాడి ఉన్న పెంకు వచ్చింది. 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకునేసరికే ఊరి ఇల్లు నాలుగు చోట్ల సరుకును కలుపుకుంది. అయినా వీధి అరుగు, వాలు కప్పు, ఎదురెదురు తలుపులు మాత్రం మారలేదు. వస్తువు ఎక్కడిదైనా ఇంటి తీరు ఈ గాలికీ, ఈ ఎండకూ తగినట్టే ఉండేది.

కచ్చా అనే ముద్ర

ఆ తర్వాత ఏమైంది? ఒక మాట వచ్చి మట్టింటి మర్యాద తీసేసింది. ‘కచ్చా ఇల్లు’. సర్కారు లెక్కల్లో మట్టిగోడ, తాటాకు కప్పు ఉన్న ఇల్లు కచ్చా. ఇటుక, సిమెంటు ఉంటే పక్కా. పచ్చిదని ఒకటి, పండినదని ఇంకొకటి. పెళ్లి సంబంధం చూడటానికి వెళ్లినవాళ్లు కూడా ‘స్లాబేనా?’ అని అడిగే రోజులొచ్చాయి.

ఇందులో జనం తప్పేమీ లేదు. పూరిళ్ల కష్టాలు అనుభవించినవాళ్లకే తెలుసు. వేసవిలో ఒక ఇంట్లో నిప్పు లేస్తే గాలివాటున వీధి వీధంతా బూడిదయ్యేది. రెండు మూడేళ్లకోసారి కమ్మ మార్చాలి. ఎలుకలు, చెదలు, అప్పుడప్పుడూ పాము. లోపల వెలుతురు తక్కువ. మట్టినేలను వారం వారం పేడతో అలికింది, గోడల పగుళ్లు మెత్తింది ఇంటి ఆడవాళ్లే. మట్టిల్లు ఎంత చల్లనిదో పాట కట్టినవాళ్లకు ఆ నడుంనొప్పి తెలియదు. గచ్చునేల మీద తొలిసారి చీపురు వేసిన ఇల్లాలి సంతోషాన్ని తక్కువ చేయడానికి ఎవరికీ హక్కు లేదు.

ఉక్కు కర్మాగారం వచ్చాక ఈ మార్పు మరింత వేగంగా జరిగింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. భూములిచ్చిన గ్రామాల వాళ్లు గాజువాక పరిసరాల్లోని పునరావాస కాలనీలకు చేరారు. ఊరు మారితే తాటితోపు వెంట రాదు. మట్టి తీసుకునే చెరువూ వెంట రాదు. కొలిచి ఇచ్చిన స్థలంలో గుండ్రటి ఇంటికి చోటూ లేదు. ఇటుకలు కొన్నారు, చువ్వలు కొన్నారు, స్లాబు పోశారు. 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసేనాటికి ఆ చుట్టుపక్కల ఇల్లంటే స్లాబే.

నష్టం మట్టి పోవడంలో లేదు. మట్టితో పాటు దాని చుట్టూ ఉన్న ఆలోచన కూడా పోయింది. మట్టికి బదులు సిమెంటు వచ్చినా చూరు ఉండొచ్చు. కానీ చూరు పోయింది. అరుగు పోయింది. కిటికీ మీద సజ్జా జానెడైంది. హైదరాబాద్‌లోనూ, ఢిల్లీలోనూ కట్టే పెట్టెలాంటి ఇల్లే సముద్రం ఒడ్డునా లేచింది. మండు వేసవిలో పగలంతా వేడెక్కిన స్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. చల్లబరచడానికి ఏసీ, దానికి కరెంటు బిల్లు. నెలనెలా ఆ లెక్క చూసుకునేది ఇంటివాళ్లే.

కడుపులో తుప్పు

తీరంలో కాంక్రీటు ఇంటికి ఇంకో గండం ఉంది. అది ఉప్పుగాలి. సముద్రపు గాలిలోని ఉప్పు నెమ్మదిగా కాంక్రీటు లోపలికి దిగి చువ్వను చేరుతుంది. చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచి పగులుతుంది. స్లాబు కింద పెచ్చులు ఊడి, ఎర్రటి చువ్వలు బయటపడటం తీరప్రాంత ఇళ్లలో అందరూ చూసే దృశ్యమే. ఉప్పు కడగని ఇసుక వాడినా, చువ్వ మీద కాంక్రీటు పొర పలచగా ఉన్నా ఆ రోజు ఇంకా ముందే వస్తుంది. గుల్లసున్నంతో కట్టిన రాతిగోడలో చువ్వే లేదు కాబట్టి దానికి ఈ రోగం లేదు.

అలాగని అందరూ మళ్లీ రాతిగోడలు కట్టుకోలేరు. అయిదారంతస్తుల అపార్టుమెంటుకు చుట్టిల్లు బదులు కాదు. తాటిచెట్లూ ఇప్పుడు అన్ని లేవు. మరి దారేది? విచిత్రమేమిటంటే, దారి ఈ ఊరి కొలుముల్లోనే దొరికింది.

బూడిదలో దొరికిన సున్నం

గాంధీజీ ఒకసారి చెప్పిన మాటను కేరళలో స్థిరపడిన ఆర్కిటెక్టు లారీ బేకర్ జీవితమంతా గుర్తుచేసుకున్నారు. ఆదర్శ గ్రామంలో ఇల్లు అయిదు మైళ్ల లోపల దొరికే వస్తువులతో కట్టాలన్నది ఆ మాట సారం. విశాఖలో అయిదు మైళ్ల లోపల ఇవాళ ఏం దొరుకుతుంది? తాటాకు దొరకదు. కానీ ఉక్కు కర్మాగారం నుంచి స్లాగు దొరుకుతుంది. కాస్త అటూఇటూగా పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి బూడిద దొరుకుతుంది.

బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుము కరిగేటప్పుడు పైన తేలే మడ్డే స్లాగు. కరిగి ఉండగానే దాని మీద నీళ్లు చిమ్మితే ఇసుకలాంటి రేణువులవుతుంది. దాన్ని సిమెంటు క్లింకరుతో కలిపి నూరితే స్లాగు సిమెంటు. మన దేశపు ప్రమాణాల ప్రకారం ఇందులో స్లాగు 25 నుంచి 70 శాతం దాకా ఉండొచ్చు. దీంతో చేసిన కాంక్రీటు మరింత చిక్కగా ఉండి ఉప్పును లోపలికి అంత తేలిగ్గా పోనివ్వదు. అంటే సముద్రపు గాలికి తగిన సిమెంటు ఉక్కునగరం పారేసే మడ్డిలోనే ఉందన్నమాట!

బూడిద కథ ఇంకా ఆసక్తికరం. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. సింహాద్రి తొలి యూనిట్ 2002లో మొదలైంది. కొలిమిలో కాలిన బొగ్గు నుంచి వచ్చే బూడిదను చెరువుల్లో పోస్తూపోతే ఎంత భూమీ చాలదు. ఈ బూడిదకు సున్నం, జిప్సం కలిపి ఇటుక చేసే పద్ధతి ‘ఫాల్-జీ’. దీన్ని రూపొందించింది ఎక్కడో కాదు, విశాఖపట్నంలోనే. ఎన్.భానుమతీదాస్, ఎన్.కాళిదాస్ తమ ఇన్‌స్వారెబ్ సంస్థ తరఫున దీన్ని అభివృద్ధి చేసి, చిన్న చిన్న యూనిట్ల వాళ్లకు నేర్పారు. ఈ ఇటుకను బట్టీలో కాల్చక్కర్లేదు. నీళ్లు పట్టి ఆరబెడితే చాలు. పంటపొలం మీది మట్టి గీకక్కర్లేదు, బొగ్గు తగలేయక్కర్లేదు. కాలుష్యం తగ్గిస్తుంది కాబట్టే ప్రపంచ బ్యాంకు నడిపే కార్బన్ నిధి కూడా ఈ ఇటుకల తయారీకి ఊతమిచ్చింది. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఇటుకల్లో బూడిద వాడాలని కేంద్ర ప్రభుత్వం 1999లోనే నోటిఫికేషన్ ఇచ్చింది.

ఇక్కడో చిన్న తమాషా గమనించాలి. పూర్వం గానుగసున్నంలో ఇటుకపొడి ఎందుకు కలిపారు? కాల్చిన మట్టిలోని సిలికా సున్నంతో కలిసి, నీళ్లలోనూ కరగని గట్టి పదార్థమవుతుంది కాబట్టి. రోమన్లు అగ్నిపర్వతపు బూడిదతో చేసిందీ అదే. ఇప్పుడు బొగ్గు బూడిదలోని సిలికా సున్నంతో కలిసి చేస్తున్నదీ అదే. ఎడ్లగానుగ పోయి మిక్సర్ వచ్చింది కానీ లోపల జరిగే పని మారలేదు.

ఇల్లు కట్టే ముందు

అంటే వస్తువుల విషయంలో ఈ ఊరు తన దారి తాను వెతుక్కుంది. మిగిలింది ఇంటి తీరు. చుట్టిల్లు చెప్పే పాఠాలు స్లాబు ఇంటికీ పనికొస్తాయి. ఇల్లు కట్టుకోబోయే కుటుంబం మేస్త్రీతో మాట్లాడేటప్పుడు నాలుగు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటిది నీడ. దక్షిణ, పడమర గోడల కిటికీల మీద సజ్జా రెండడుగులైనా బయటికి రావాలి. స్థలముంటే ఆ వైపు వరండా వేస్తే మరీ మంచిది. పాత ఇంటి చూరు చేసిన పని అదే.

రెండోది గాలిదారి. కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ ఉందా? ఉక్కపోత ఉన్న ఊళ్లో గాలి వచ్చే దారితో పాటు పోయే దారీ ఉండాలి. పూర్వం వీధిగుమ్మంలో నిలబడితే దొడ్డిగుమ్మం కనిపించేది. కారణం వాస్తు ఒక్కటే కాదు.

మూడోది కట్టు. మేడ మీద రేకుల షెడ్డు వేసుకుంటే ప్రతి రేకునూ, దాని కింది పైపునూ గోడలోకి బిగించాలి. అంచులు, మూలలు మరీ గట్టిగా. చుట్టింట్లో వాసానికీ గోడకూ మధ్య కట్టు తెగకుండా చూసినట్టే ఇక్కడా చూడాలి.

నాలుగోది చువ్వకు చొక్కా. సముద్రానికి దగ్గరైతే చువ్వ మీద కాంక్రీటు పొర ఎంత మందం ఉండాలో ఇంజినీరును అడిగి రాయించుకోవాలి. ఉప్పు ఇసుక వద్దనాలి. స్లాగు సిమెంటు గురించి అడగాలి. అది కాస్త నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి తడిపే రోజులు తగ్గించకూడదు. బూడిద ఇటుకలకూ ఇదే వర్తిస్తుంది. సరిగా తడిపి ఆరబెట్టని ఇటుక చూడ్డానికి బాగుంటుంది, గోడకెక్కాక పగులుతుంది.

తాతలనాటి సున్నపు ఇల్లు ఇంకా మిగిలి ఉన్నవాళ్లకు ఒక్క మాట. గోడ పెళ్లలూడుతోందని దాని మీద సిమెంటు పూత పూయించకండి. సున్నపు గోడ చెమ్మను బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మకు దారి మూసుకుపోయి గోడ లోపలి నుంచి పాడవుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతికి పట్టుకోండి. అలాంటివాళ్లు ఊరికి ఒకరిద్దరు కూడా మిగలని రోజులివి. దొరికితే మీ ఇంటి పని చేయించుకోవడంతో పాటు, పక్కన ఒక కుర్రమేస్త్రీని కూడా నిలబెట్టండి. సున్నం ఎంత నానాలో, పూత ఎప్పుడు పలకాలో రాసిపెట్టిన పుస్తకం చదివితే రాదు. చేత్తో కలిపితేనే వస్తుంది.